నల్ల కారుపై గ్లేజ్, సీలెంట్, వ్యాక్స్: ఏది ముందు, ఏది తర్వాత, ఎన్ని పూతలు?

నల్లహంస (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర నల్ల రంగు హోండా సిటీ ఉంది. మా కార్ల బృందం త్వరలో పెట్టుకుంటున్న ప్రదర్శనలో దాన్ని నిలబెట్టాలని నా కోరిక. నీడలో చూస్తే బండికి వంక పెట్టడానికి ఏమీ కనిపించదు గాని, ఎండలోకి తీసినా, రాత్రిపూట పెట్రోలు బంకు దీపాల కింద ఆపినా, బానెట్ మీద ప్రతి దీపం చుట్టూ సన్నని గీతలు వలయాలుగా తేలుతున్నాయి.

మెగ్వయర్స్ నంబర్ 7 గ్లేజ్ (సన్నని గీతలను నూనెలతో నింపి దాచే క్రీము), ఒక పాలిమర్ సీలెంట్ (పెయింట్‌ను కాపాడే కృత్రిమ పూత), కాలినైట్ 845 అనే ద్రవ వ్యాక్సు, ఒక కార్నౌబా (చెట్టు మైనం) పేస్టు వ్యాక్సు డబ్బా ఇప్పటికే కొని పెట్టుకున్నాను. డ్యుయల్ యాక్షన్ పాలిషింగ్ మెషీను కూడా ఉంది. వీటిని ఏ వరుసలో వేయాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. సీలెంట్ ముందు వేసి దాని మీద గ్లేజ్ వేయమని ఒకరు, గ్లేజ్ ముందు వేసి దాన్ని సీలెంట్‌తో మూసేయమని మరొకరు, వ్యాక్సు ఐదు పూతలు వేస్తే తప్ప నలుపులో లోతు రాదని ఇంకొకరు అన్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెబితే మేలు చేసినవారవుతారు.

పొలిమేర గ్యారేజీ (విజయవాడ)

నల్లహంస గారూ, మీరు కొన్న నాలుగు సీసాల సంగతి చెప్పే ముందు ఐదోదాని సంగతి చెప్పాలి. అది మీ జాబితాలో లేదు. నల్ల బండికి ప్రదర్శన స్థాయి మెరుపులో అధిక భాగం పాలిష్ దగ్గరే వచ్చేస్తుంది. గ్లేజ్, వ్యాక్సు కలిసి దానికి చివరి మెరుగు పెడతాయే తప్ప, గీతలు పడ్డ క్లియర్‌కోట్‌ను (రంగు మీది పారదర్శకమైన పైపొరను) చదును చేయలేవు. అందుకని మెంజెర్నా 3800 వంటి సన్నని పాలిష్ (పైపొరను అతి కొద్దిగా అరగదీసే క్రీము), ఒక మెత్తటి ఫోమ్ ప్యాడ్ ముందుగా తెప్పించుకోండి. జపాన్ కంపెనీల నల్ల పెయింట్లు మెత్తగా ఉంటాయని ఈ పని చేసేవారిలో పేరుంది. మెత్తటి పెయింట్ మీద గీత తేలిగ్గా పోతుంది, అంతే తేలిగ్గా మళ్ళీ పడుతుంది.

వరుస ఇది. బండిని కడిగి, ఇనుప రజను కరిగించే ద్రావణం చల్లి, తారు మచ్చలు తీసి, క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే బంకముద్ద) నడపండి. తర్వాత పాలిష్ పట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్ళలో 15 శాతం మించకుండా కలిపి ప్రతి ప్యానెల్‌నూ తుడవండి. ఈ తుడుపు మానవద్దు. పాలిష్‌లోని నూనెలు సన్నని గీతలను కప్పి ఉంచుతాయి. వాటిని తీసేశాక టార్చి వేసి చూస్తేనే పని నిజంగా పూర్తయిందో లేదో తెలుస్తుంది.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. బండి ప్రదర్శన తర్వాత కూడా రోజూ తిరగాలంటే, ఒట్టి పెయింట్ మీద సీలెంట్ వేసి, నీడలో 12 నుంచి 24 గంటలు నీరు తగలకుండా ఆరనిచ్చి, దాని మీద కార్నౌబా వేయండి. ఆ ఒక్క రోజు అందమే ముఖ్యమనుకుంటే, ఒట్టి పెయింట్ మీద గ్లేజ్, దాని మీద కార్నౌబా సరిపోతాయి, సీలెంట్ పక్కన పెట్టేయవచ్చు. గ్లేజ్ మీద సీలెంట్ మాత్రం వేయవద్దు. నంబర్ 7 నిండా నూనెలే. సీలెంట్ పెయింట్‌ను పట్టుకోవాలంటే ఉపరితలం శుభ్రంగా, జిడ్డు లేకుండా ఉండాలి. జిడ్డు మీద వేసిన సీలెంట్ మొదటి రెండు మూడు కడుగుళ్ళతోనే గ్లేజ్‌తో పాటు జారిపోతుంది.

కాంతికిరణం (వరంగల్)

నేను భౌతికశాస్త్రం చెప్పే మాస్టారిని. పొలిమేర గ్యారేజీ గారు చెప్పిన వరుసకు వెనకున్న కారణాన్ని నా వంతుగా కొంత వివరిస్తాను, ఎందుకంటే అది తెలిస్తే ఏ పూత ఏం చేయగలదో ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

క్లియర్‌కోట్ మీద కాంతి నిటారుగా పడినప్పుడు అందులో సుమారు 4 శాతం మాత్రమే పైపొర నుంచి నేరుగా వెనక్కి వస్తుంది. మిగిలినది లోపలి రంగు దాకా వెళుతుంది. తెల్ల బండిలో ఆ లోపలి రంగు కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది కాబట్టి, పైన ఉన్న గీత నుంచి చెదిరిన కొద్దిపాటి వెలుగు ఆ తెలుపులో కలిసిపోయి కంటికి ఆనదు. నల్ల బండిలో లోపలికి వెళ్ళిన వెలుగును దాదాపు అంతా కార్బన్ బ్లాక్ అనే నల్ల రంగు పొడి పీల్చుకుంటుంది. మనకు కనిపించేదంతా పైపొర ప్రతిబింబమే. ఆ నల్లని నేపథ్యం మీద గీత నుంచి చెదిరిన ప్రతి కిరణమూ విడిగా తెల్లగా కనిపిస్తుంది. గీతలు తెల్ల బండి మీదా అన్నే ఉంటాయి, కాకపోతే నలుపు వాటిని దాచదు.

వలయాల సంగతి కూడా చెబుతాను. గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు, అన్ని దిక్కులకూ పడి ఉంటాయి. దీపం ప్రతిబింబం చుట్టూ ఉన్నవాటిలో, దాని నుంచి వచ్చే దిశకు అడ్డంగా ఉన్న గీతలు మాత్రమే వెలుగును మన కంటి వైపు తిప్పగలవు. అందువల్ల వలయాల ఆకారం ఏర్పడుతుంది. మీరు కదిలితే వలయాలూ మీతో పాటు కదులుతాయి, గమనించండి.

గ్లేజ్ పని ఇక్కడే అర్థమవుతుంది. క్లియర్‌కోట్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.5, గాలిది 1. ఈ తేడా వల్లే గీత అంచు దగ్గర కాంతి చెదురుతుంది. గీతలో గాలికి బదులు 1.45 చుట్టుపక్కల గుణకం ఉన్న నూనె గాని మైనం గాని నిండితే, కాంతికి అక్కడ అంచు దాదాపు లేనట్టే అవుతుంది. గీత పోలేదు, కనబడటం మానేసిందంతే. ఆ నూనె పోయిన రోజున గీత మళ్ళీ ప్రత్యక్షమవుతుంది.

డాలస్ డిటైలర్ (టెక్సస్)

చర్చ బాగుంది. నేను డాలస్‌లో ఉంటాను, వారాంతాల్లో జరిగే స్థానిక కార్ల ప్రదర్శనలకు నల్ల బండ్లు తయారుచేయడం నాకు ఇష్టమైన పని. పాలిష్ ముఖ్యమన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ కార్నౌబా పూతలను ఒకటితో ఆపేయమంటే ఒప్పుకోలేను.

కార్నౌబా బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం. ఆకులను కోసి, ఎండబెట్టి, దులిపి దాన్ని సేకరిస్తారు. సహజమైన మైనాల్లో ఇంత గట్టిది అరుదు. దాదాపు 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు. ఒట్టిగా చేతితో రుద్దలేనంత గట్టిగా ఉంటుంది కాబట్టే దాన్ని ద్రావకాల్లో, నూనెల్లో కలిపి పేస్టుగా చేస్తారు.

నేను పాటించే పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్క పూతకూ మధ్య ఒక రోజు విరామం ఇస్తాను. రెండో పూత నుంచి ఫ్రిజ్‌లో చల్లబరిచిన డిస్టిల్డ్ వాటర్‌ను ప్యానెల్ మీద తుంపరగా చల్లి, ఆ తడి మీదే వ్యాక్సును పల్చగా తిప్పుతాను. చల్లదనానికి కింది పూత మెత్తబడకుండా నిలుస్తుంది, పైది దాని మీద కూర్చుంటుంది. ఇలా నాలుగైదు పూతలు వేసిన నల్ల బండిని సాయంత్రపు ఎండలో చూస్తే, రంగు పైన కాక లోపలెక్కడో ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ లోతును ఒక్క పూతతో నేను ఎన్నడూ చూడలేదు.

పొలిమేర గ్యారేజీ (విజయవాడ)

డాలస్ డిటైలర్ గారూ, మీ శ్రద్ధను నేను మెచ్చుకుంటాను. అయితే పేస్టు వ్యాక్సులోని ద్రావకమే పూతలు పేరుకోవడానికి అడ్డు. డబ్బాలో మైనాన్ని మెత్తగా ఉంచుతున్న ఆ నాఫ్తా వంటి ద్రావకం, ప్యానెల్ మీద ఇదివరకు ఉన్న మైనాన్నీ మెత్తబరుస్తుంది. కొత్త పూత వేసిన ప్రతిసారీ పాత పూతలో కొంత కరిగి, రెండూ కలిసి, తుడిచినప్పుడు మిగులుగా ఉన్నదంతా గుడ్డకు వచ్చేస్తుంది. చివరికి ప్యానెల్ మీద మిగిలే మందం ఒక మైక్రానుకు (మిల్లీమీటరులో వెయ్యో వంతుకు) కూడా చేరదు. రెండో పూతకు అర్థం ఉంది. మొదటిసారి చేయి తగలని చోట్లు, అంచులు, డోరు హ్యాండిళ్ళ కింద వదిలిన భాగాలు దానితో పూడి పూత అంతటా సమానమవుతుంది. మూడో పూత నుంచి మీరు ఎక్కువగా కింది పూతనే తిరిగి వేస్తున్నారు.

చల్లని నీటి వల్ల ద్రావకం జోరు కొంత తగ్గవచ్చు, కాదనను. అయినా నల్ల పెయింట్ మీద ప్రతి అదనపు పూతకూ ఒక ఖరీదు ఉంది. మరోసారి రుద్దడం, మరోసారి తుడవడం, గుడ్డలో ఒక్క ఇసుక రేణువున్నా ఒక కొత్త గీత. నా అభిప్రాయంలో రెండు పూతలు వేసి ఆపిన చేయి నేర్పున్న చేయి.

నల్లహంస గారూ, మా ఇద్దరి మాటా నమ్మనక్కర్లేదు. బానెట్ మధ్యలో పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు వేసి, ఒక వైపు రెండు పూతలు, రెండో వైపు నాలుగు పూతలు వేసి చూడండి. టేపు తీశాక, ఏది ఏ వైపో తెలియని మరొకరి చేత చెప్పించండి.

నల్లహంస (హైదరాబాద్)

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. టేపు పరీక్ష తప్పకుండా చేస్తాను. మరో మూడు సందేహాలు తీర్చండి. మా అపార్టుమెంటులో తెల్లవారుజామున ఒకాయన వచ్చి వరసగా బండ్లన్నీ తుడిచి వెళతారు. ఒకే బకెట్టు, ఒకే గుడ్డ. ఈ వలయాలకు అదే కారణమా? రెండోది, మా బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉంటాయి. కడిగాక ఆరితే తెల్ల చుక్కలు మిగులుతున్నాయి. ఇంట్లో ఆర్వో మెషీను వదిలే నీళ్ళను పారబోయకుండా బండికి వాడుకోవచ్చని కొందరు చెప్పారు, నిజమేనా? మూడోది, సీలెంట్ వేసిన తర్వాత దాని మీద గ్లేజ్, ఆపైన వ్యాక్సు వేసుకునే వీలుందా?

పొలిమేర గ్యారేజీ (విజయవాడ)

మొదటిదానికి అవును, అదే కారణం. ఆయన తప్పేమీ లేదు, ఆ జీతానికి, ఆ సమయానికి అంతకంటే ఎవరూ చేయలేరు. కానీ ముప్పై బండ్ల మట్టిని కడిగిన నీటిలో ముంచిన గుడ్డ మీ బానెట్ మీద నడిచిందంటే, ఆ మట్టిలోని ఇసుక అంతా మీ క్లియర్‌కోట్ మీద నడిచినట్టే. ఆయన నెల జీతం ఆయనకు ఇస్తూనే, మీ బండి అద్దాలు, టైర్లు మాత్రం తుడవమనండి. పెయింట్ మీరు చూసుకోండి. దుమ్ము దులిపే బ్రష్షు కూడా నల్ల బండికి వద్దు. రెండు బకెట్ల పద్ధతి పాటించండి. ఒకదానిలో షాంపూ, మరొకదానిలో మంచినీళ్ళు పెట్టుకుని, ప్యానెల్ తుడిచిన ప్రతిసారీ, కడిగే గ్లవ్‌ను మంచినీళ్ళలో జాడించాకే మళ్ళీ షాంపూలో ముంచాలి. బకెట్ల అడుగున జాలీ వేస్తే మట్టి కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది.

రెండోది చాలా ముఖ్యం. ఆర్వో మెషీను పక్క గొట్టం నుంచి వదిలే నీటిలో ఉప్పులు తగ్గవు, పెరుగుతాయి. మీ బోరు నీటిలోని లవణాలను వడగట్టి దానిలోకే నెడుతుంది కాబట్టి, ఆ నీళ్ళు బోరు నీళ్ళకంటే కఠినం. ఇల్లు కడగడానికి వాడుకోండి, నల్ల బండికి వద్దు. దానికి బదులు, తాగడానికి వచ్చే ఆర్వో నీళ్ళను కొన్ని లీటర్లు తోటకు వాడే చేతి స్ప్రేయరులో నింపి, చివరిసారిగా బండి మొత్తం మీద చల్లండి. ఆ తర్వాత ఆరబెట్టడం సగం తేలికవుతుంది. ఇప్పటికే కట్టిన తెల్ల చుక్కలకు తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్ళలో కలిపి, నీడలో, చల్లగా ఉన్న ప్యానెల్ మీద ఒక్క నిమిషం ఉంచి, మంచినీళ్ళతో కడిగేయండి. చుక్క చుట్టూ పెయింట్ గుంట పడి ఉంటే మాత్రం అది వెనిగర్‌తో పోదు, పాలిష్ పట్టాల్సిందే.

మూడోదానికి, వీలుంది. సీలెంట్ పూర్తిగా గట్టిపడ్డాక, రాపిడి పదార్థం ఏదీ లేని గ్లేజ్‌ను తేలికపాటి చేతితో వేసి, పైన కార్నౌబా వేసుకోవచ్చు. నంబర్ 7లో రాపిడి పదార్థం లేదు కాబట్టి సీలెంట్‌ను కోయదు. ప్రదర్శనకు నాకు నచ్చిన వరుస ఇదే. ప్రదర్శన అయ్యాక గ్లేజ్, వ్యాక్సు కడుగుళ్ళలో పోయినా కింద సీలెంట్ మిగులుతుంది. మీ కాలినైట్ 845లో కార్నౌబాతో పాటు పాలిమర్లు కూడా ఉన్నాయి. దాన్ని పైపూతగా వేసుకుంటారో, సీలెంట్ స్థానంలో కింద వేసుకుంటారో మీ ఇష్టం, రెండు చోట్లా అక్కర్లేదు.

అంబాసిడర్ అభిమాని (రాజమహేంద్రవరం)

నంబర్ 7 ప్రస్తావన వచ్చింది కనుక నేనూ మాట కలుపుతాను. మీరందరూ క్లియర్‌కోట్ ఉన్న బండ్ల గురించి మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఉన్నది 80ల నాటి నల్ల అంబాసిడర్. దాని మీద క్లియర్‌కోట్ లేదు, రంగే పైపొర. ఆ పెయింట్‌కు గ్లేజ్ చేసే మేలు వేరు, దాన్ని ఎవరూ చెప్పకపోవడం నాకు వెలితిగా తోచింది.

క్లియర్‌కోట్ లేని పాత ఎనామెల్ ఎండకు ఆరి, పైన సన్నగా బూడిద రంగుకు తిరుగుతుంది. అటువంటి పెయింట్‌ను నేరుగా కాంపౌండుతో (గరుకు పాలిష్‌తో) రుద్దడమంటే ఉన్న కాస్త రంగునూ కోసేయడమే. దానికి బదులు నంబర్ 7ను ధారాళంగా వేసి, కాటన్ టర్కీ టవల్ ముక్కతో గట్టిగా రుద్ది, తుడవకుండా రాత్రంతా వదిలేస్తాను. అందులోని నూనెలు ఎండిన రంగులోకి ఇంకుతాయి. మర్నాడు ఇంకోసారి వేసి రుద్ది తుడిచాక, బూడిద పొర కింద నుంచి అసలు నలుపు పైకి వస్తుంది. ఆ తర్వాతే, అదీ అవసరమైతేనే, సన్నని పాలిష్.

ఈ పనిలో టవల్ నల్లగా మారుతుంది. చూసి చాలామంది భయపడతారు. క్లియర్‌కోట్ లేని పెయింట్‌లో అది సహజం, చచ్చిన రంగు అలాగే బయటికి వస్తుంది. అయితే అంబాసిడర్ బానెట్ మధ్య ఉబ్బు మీద, ఫెండర్ల వంపుల మీద, రుద్దే ఒత్తిడి తగ్గించాలి. అక్కడ రంగు ముందే పల్చబడి ఉంటుంది, ప్రైమరు బయటపడితే మళ్ళీ పెయింట్ చేయించడం తప్ప మార్గం లేదు. చివర్లో కార్నౌబా పేస్టు రెండు పూతలు. 2014లో ఆ బండి తయారీ ఆగిపోయింది, ఇక ఉన్నవాటి అసలు రంగును వీలైనన్నాళ్ళు నిలుపుకోవడమే మన చేతిలో ఉంది.

రంగుల షెడ్డు (గుంటూరు)

నేను పెయింటింగ్ పని చేసేవాణ్ణి. అంబాసిడర్ అభిమాని గారు పల్చబడటం గురించి చెప్పారు కాబట్టి కొత్త బండ్ల లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో క్లియర్‌కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థం ఆ పొరలోనే ఉంటుంది. కాంపౌండు పట్టిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. 2000 నంబరు వాటర్ పేపరు (నీటితో రుద్దే సన్నని గరుకు కాగితం) పెడితే ఇంకా ఎక్కువ పోతుంది. అందువల్ల గోరుకు తగిలేంత లోతైన గీతను పూర్తిగా తీయాలని పట్టుబట్టకండి. దాని అంచులు మెత్తబడేంత వరకు పాలిష్ పట్టి, మిగిలినది గ్లేజ్‌కు వదిలేయండి. గోడ పగుళ్ళలో లప్పం నిలిచినట్టు గ్లేజ్‌లోని పూరకాలు ఆ గీతలో నిలుస్తాయి. గ్లేజ్‌కు న్యాయమైన చోటు అదే.

ఇంకో విషయం. బఫింగ్ చేయించుకున్న నల్ల బండి షెడ్డులో తళతళలాడి, కొన్ని వారాలకు ఎండలో పొగలాంటి చారలు చూపిస్తోందంటే, ఊలు ప్యాడ్‌తో రోటరీ (ఒకే చోట గుండ్రంగా తిరిగే) మెషీను నడిపి, చివరి సన్నని పాలిష్ మానేసి, నూనె ఎక్కువున్న క్రీముతో కప్పారని అర్థం. బండి తెచ్చుకునే ముందు ఒక ప్యానెల్‌ను ఆల్కహాల్ నీళ్ళతో తుడిచి ఎండలో చూపించమనండి. పని మీద నమ్మకం ఉన్నవారు అభ్యంతరం చెప్పరు.

నల్లహంస గారూ, మీ బండికి ఈ మధ్య ఏ ప్యానెలైనా మళ్ళీ పెయింట్ చేయించారా? అయితే దాని మీద సీలెంట్, వ్యాక్సు వేయకండి. కొత్త పెయింట్‌లోని ద్రావకాలు బయటికి పోవడానికి 60 నుంచి 90 రోజులు ఆగడం మంచిది.

నల్లహంస (హైదరాబాద్)

టేపు పరీక్ష ఫలితం చెబుతాను. బానెట్‌కు మెంజెర్నా 3800 పట్టి, ఆల్కహాల్ నీళ్ళతో తుడిచి, ఎల్‌ఈడీ టార్చి వేసి చూస్తే వలయాలు దాదాపు పూర్తిగా పోయాయి. బానెట్ అంచు దగ్గర ఒకటి రెండు పొడవాటి గీతలు మాత్రం మిగిలాయి. అప్పటికి బానెట్ మీద ఏ పూతా లేదు, అయినా పైకప్పు మీది ట్యూబులైటు అంచు అందులో ఎక్కడా వంకర లేకుండా కనబడింది. పొలిమేర గ్యారేజీ గారి మొదటి మాట అక్కడే నిజమని తేలింది.

సీలెంట్ ఆరాక గ్లేజ్ వేస్తే ఆ పొడవాటి గీతల్లో సన్ననిది కనుమరుగైంది, పెద్దది సగానికి సగం తగ్గింది. తర్వాత టేపు వేసి ఎడమవైపు రెండు, కుడివైపు నాలుగు పూతలు కార్నౌబా వేశాను, కుడివైపు చల్లని నీటి పద్ధతిలోనే. వేలితో అడ్డంగా గీస్తే మరక లేకుండా చక్కగా గీత తేలినప్పుడు తుడిచాను. అంతకుముందు తుడిస్తే వ్యాక్సు జిడ్డుగా జరుగుతోంది. టేపు తీసి మా తమ్ముడిని, ఇద్దరు పొరుగువారిని పిలిచి అడిగాను. టార్చి కింద ఎవరూ తేడా చెప్పలేకపోయారు. సాయంత్రం కింద పార్కింగు బయటికి తీసుకెళ్ళినప్పుడు ఒకరు మాత్రం కుడివైపు కాస్త నిండుగా ఉందన్నారు, మిగతా ఇద్దరికీ అలా అనిపించలేదు.

రంగుల షెడ్డు గారూ, వెనక బంపరు కిందటి నెలలోనే పెయింట్ అయింది. ప్రదర్శనకు దాన్ని అలాగే వదిలేస్తే మిగతా బండి పక్కన వెలవెలబోతుంది. ఏం చేయాలి?

డాలస్ డిటైలర్ (టెక్సస్)

పరీక్షను నిజాయితీగా చేసి రాశారు, సంతోషం. టార్చి అనేది గీతలను వెతికే దీపం, లోతును చూపే దీపం కాదు. ఆ సాయంత్రపు వెలుగులో ఒకరికి కనబడినదే నేను వెతికేది, కాబట్టి నా బండ్లకు నేను నాలుగు పూతలే వేస్తాను. అయినా మొదటిసారి ప్రదర్శనకు వెళ్ళేవారు మిగిలిన సమయాన్ని మూడో నాలుగో పూతల మీద కాకుండా డోరు అంచుల లోపల, ఇంధనం మూత చుట్టూ, చక్రాల వెనక వ్యాక్సు పొడి మిగలకుండా చూడటం మీద పెట్టడం మేలని ఒప్పుకుంటాను. నల్ల బండి మీద రబ్బరు బీడింగు పక్కన ఒక తెల్లని వ్యాక్సు చార మిగిలితే, న్యాయనిర్ణేత కన్ను ముందు అక్కడికే పోతుంది. మెత్తటి పెయింట్ బ్రష్షుతో అటువంటి సందులన్నీ దులపండి.

845 గురించి ఒక చిన్న సూచన. దాన్ని ఇన్సులేటర్ వ్యాక్స్ అంటారు, విద్యుత్ తీగల ఇన్సులేటర్ల కోసం తయారైన మూలం దానిది. ఇక్కడ చలికాలంలో అది సీసాలోనే గడ్డకడుతుంది, వేడినీళ్ళలో ఉంచి కుదిపితే గాని కారదు. మీకు ఆ బాధ ఉండదు గాని, వాడేముందు బాగా కుదపడం మాత్రం మరవకండి.

పొలిమేర గ్యారేజీ (విజయవాడ)

ఎండ సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగిస్తే మన ప్రాంతపు పాఠకులకు అన్యాయం చేసినట్టవుతుంది. మే నెలలో మా ఊళ్ళో ఆరుబయట నిలిపిన నల్ల బానెట్ మీద చేయి పెట్టి ఉంచలేము, లోహం 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఒట్టి కార్నౌబా 82 డిగ్రీల దాకా కరగకపోయినా, డబ్బాలోని పేస్టులో నూనెలు, మెత్తటి మైనాలు కలిసి ఉంటాయి కనుక అది అంతకంటే ముందే మెత్తబడి, దుమ్మును పట్టి, కొద్ది వారాల్లో పలచబడిపోతుంది. చల్లని దేశాల వారు వ్యాక్సు నెలల తరబడి ఉంటుందని రాసిన లెక్కలు ఇక్కడికి పనికిరావు. వేసవిలో సీలెంట్‌ను పునాదిగా నమ్ముకుని, కార్నౌబాను ప్రత్యేక సందర్భాలకు ఉంచుకోవడం మంచిది. పూతలు వేసేటప్పుడు కూడా సూర్యోదయానికి ముందో, చీకటి పడ్డాక బానెట్ చల్లారిన తర్వాతో వేయండి. వేడి ప్యానెల్ మీద ద్రావకం వెంటనే ఎగిరిపోయి మైనం మరకలుగా బిగుసుకుంటుంది, దాన్ని తీయడానికి గట్టిగా రుద్దితే కొత్త గీతలు తప్పవు.

ప్రదర్శన ముందురోజు రాత్రి కడిగి, పొద్దున మాత్రం పొడిగుడ్డ తగలనివ్వకండి. దారిలో పడ్డ దుమ్మును, క్విక్ డిటైలర్ (తుడిచేటప్పుడు గుడ్డ జారేలా చేసే స్ప్రే) ధారాళంగా చల్లి, నాలుగు మడతలు వేసిన మైక్రోఫైబర్ గుడ్డతో గుండ్రంగా కాకుండా ఒకే దిశలో తుడిచి, ప్రతి ప్యానెల్‌కూ మడత మార్చండి. గుడ్డ అంచుకు కుట్టిన లేబులును ముందే కత్తిరించి పారేయండి, దాని కుట్టు నల్ల పెయింట్‌ను గీస్తుంది.

రంగుల షెడ్డు (గుంటూరు)

నల్లహంస గారూ, మీ బంపరుకు దిగులు పడకండి. నంబర్ 7 వంటి గ్లేజ్‌లను కొత్త పెయింట్ మీద వాడవచ్చు. అవి పైన బిగుసుకునే పొర వేయవు, లోపలి ద్రావకాలను బయటికి పోనిస్తాయి. పెయింటింగ్ షెడ్లలో వాటిని వాడేది అందుకే. బంపరును మిగతా బండితో కలపకుండా విడిగా టేపు వేసి, సీలెంట్ గాని కార్నౌబా గాని దాని మీదికి జారకుండా చూసుకోండి. ప్రదర్శన రోజు పొద్దున పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి ఫోమ్ అప్లికేటరు మీద కొద్దిగా నంబర్ 7 తీసుకుని, ఒత్తకుండా వేసి, కొత్త మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. నూనె పోయేదాకా, అంటే వచ్చే కడుగుడు దాకా, అది బండితో సమానంగానే మెరుస్తుంది. 90 రోజులు దాటాక ఒకసారి ఆల్కహాల్ నీళ్ళతో ఆ నూనెను పూర్తిగా తీసేసి, బంపరుకు కూడా సీలెంట్ నుంచి మొదలుపెట్టండి.